ఇంద్రి పాట, జీబ్రా ఫించ్ పాట: పోల్చే ముందు

చిరంజీవి సౌమ్యకు,

కోతులకు దూరపు చుట్టమైన ఇంద్రి లెమూర్‌నీ, జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్టనీ పోలుస్తూ వ్యాసం రాయాలని, రెంటి తేడాలూ పట్టిక వేసుకున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశావు. ముందు ఆ తేడాల పట్టిక పక్కన పెట్టమ్మా. ఒకటి 6 నుంచి 9 కిలోలు, ఇంకొకటి 12 గ్రాములు. ఒకటి మడగాస్కర్ తూర్పు అడవుల్లో ఆకులు తింటుంది, ఇంకొకటి ఆస్ట్రేలియా ఎండు మైదానాల్లో గింజలు ఏరుకుంటుంది. ఇలా ఎన్ని పేర్చినా చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఈ రెంటినీ పక్కపక్కన నిలబెట్టడానికి కారణం పాట. దాన్నే పట్టుకో.

పాటలోనూ ముందు లయ చూడు. రికార్డింగు పెట్టుకుని, ఒక స్వరం మొదలైన క్షణం నుంచి తర్వాతిది మొదలయ్యేదాకా ఎంతసేపో కొలువు. స్వరం పొడవు కాదు సుమా, మొదలుకీ మొదలుకీ మధ్య ఎడం. వరసగా వచ్చే రెండు ఎడాలూ సమానమైతే 1:1, రెండోది రెట్టింపైతే 1:2. చేత్తో తాళం వేస్తూ వింటే తేడా చెవికే తెలుస్తుంది. ఇంద్రి పాటలో ఈ రెండు నిష్పత్తులూ ఉన్నాయని 2021లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చింది. అది తప్పకుండా చదువు.

తర్వాత ఎవరు పాడతారు, ఎవరి కోసం అన్నది. ఫించ్‌లలో మగదే పాడుతుంది, ఒక్కోసారి పక్కనున్న ఆడపిట్ట కోసమే పాడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు తండ్రి పాట విని, తడబడుతూ సాధన చేసి, సుమారు మూడు నెలలకు ఖాయం చేసుకుంటుంది. ఆ వయసులో పెద్దపిట్ట పాట చెవిన పడకపోతే పాట సరిగ్గా రాదు. ఇంద్రిలో ఆడా మగా కలిసి పాడతాయి, పిల్లలూ గొంతు కలుపుతాయి. కిలోమీటర్ల దూరంలోని మరో కుటుంబానికి ‘ఈ చోటు మాది’ అని చెప్పడం అందులో ఒక పని. ఇంద్రి కూడా ఫించ్‌లా నేర్చుకుంటుందని మాత్రం రాసేయకు.

పోలిక కనబడగానే చుట్టరికం అంటగట్టడం కుర్రకారుకు అలవాటు. ఈ రెంటి వంశాలూ విడిపోయి 30 కోట్ల ఏళ్లు దాటింది. పాట పుట్టే చోటే వేరు: ఇంద్రికి మనలాగే గొంతులోని స్వరపేటిక, పిట్టకు ఊపిరిగొట్టం అడుగున, రెండుగా చీలే దగ్గరుండే సిరింక్స్. కాబట్టి ఎవరి దారిన అవి లయకు చేరాయనే రాయి.

ఇంకొక్క మాట. ఇంద్రి బోనులో బతకదు, దాని రికార్డింగులు అడవిలోవే. గొంతులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫించ్‌ని గదిలో ఒంటరిగా రికార్డు చేయొచ్చు. కొలిచే ముందు ఇంద్రి గొంతులను విడదీసుకో. ఎలా విడదీశావో వ్యాసంలో రాయి. చిత్తుప్రతి అయ్యాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న