పిట్టలే కదా అంటున్నారు

ప్రశ్న: నా వయసు 28. పెళ్లయి మూడేళ్లయింది. విశాఖపట్నంలో పెదవాల్తేరు దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో నేను, మా ఆయన, అత్తయ్య ఉంటాం. చిన్నప్పటి నుంచి నాకు పిట్టలన్నా, మొక్కలన్నా ప్రాణం. పుట్టింట్లో పెంచుకున్న నాలుగు లవ్‌బర్డ్స్‌ని కాపురానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నాను. నాన్న నా ఇష్టం తెలిసి, వందల ఏళ్ల నాటి పుస్తకాల్లోని పక్షుల బొమ్మలు, చేపల బొమ్మలు ప్రింట్ తీయించి ఆరు పటాలు కట్టించి ఇచ్చారు. అవి హాల్లో ఉండేవి. ఏడో నెలలో పురిటికి వెళ్లి, బాబుకి ఐదో నెల వచ్చాక తిరిగొచ్చాను. వచ్చి చూస్తే పంజరం లేదు. పసివాడికి పడదని అత్తయ్య గాజువాకలో తెలిసినవాళ్లకి ఇచ్చేశారట. మా ఆయనకి తెలుసు. రోజూ ఫోన్‌లో మాట్లాడుతూ కూడా నాకు చెప్పలేదు. పటాలు అటకెక్కాయి. బాల్కనీలో మొక్కలు ఎండిపోయాయి, అత్తయ్య పూజకి కోసుకునే మందారం, నందివర్ధనం తప్ప. పది రోజులుగా ఏడుపు ఆగడం లేదు. 'పిట్టల కోసం ఇంత రాద్ధాంతమా, కన్నబిడ్డ కంటే ఎక్కువా' అంటున్నారు అత్తయ్య. మా ఆయనేమో 'ఎవరి దగ్గరో రామచిలుక ఉందట, తెచ్చిస్తాలే, ఊరుకో' అంటున్నారు. తప్పు నాదేనా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: 'రోజూ ఫోన్‌లో మాట్లాడుతూ కూడా చెప్పలేదు' అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయానమ్మా. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ పిట్టలు ఎలా ఉన్నాయని మీరు అడిగే ఉంటారు. అవతల నుంచి 'ఆ, బాగున్నాయి' అనే వచ్చి ఉంటుంది. ఇప్పుడు ఆ 'బాగున్నాయి'లన్నీ ఒక్కొక్కటిగా గుర్తొస్తుంటే ఏడుపు ఎలా ఆగుతుంది? తప్పు మీది కాదు. మీ ఆయన పక్షాన ఒక్క మాట చెప్పగలను. నిండు చూలాలికి, బాలింతకి చెడ్డ కబురు చెప్పకూడదని మన ఇళ్లలో ఒక పట్టింపు. ఆయన మొదట దాన్ని పట్టుకునే ఊరుకుని ఉండొచ్చు. తర్వాత చెప్పడానికి ధైర్యం చాలలేదు. మీరు గుమ్మంలోకి వచ్చేదాకా నాన్చారు. మొదటిది అర్థం చేసుకోదగ్గదే. రెండోదానికి మాత్రం ఆయన మీకు క్షమాపణ బాకీ.

ఇక దుఃఖం సంగతి. ఇంట్లో మనిషి పోతే నలుగురూ పరామర్శకి వస్తారు, ఏడవడానికి పదకొండు రోజుల గడువైనా ఇస్తారు. పెంచుకున్న పిట్ట దూరమైతే అలాంటిదేమీ లేదు. పొద్దున పంజరం మీద గుడ్డ తియ్యగానే మొదలయ్యే ఆ గోల ఇప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ఆ ఇంట్లో మీ ఒక్కరికే వినిపిస్తోంది. అందుకే మిగతావాళ్లకి ఇది రాద్ధాంతంలా ఉంది.

అయితే మిమ్మల్ని కొంచెం విడిగా కూర్చోబెట్టి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బాబు పడుకున్నప్పుడు మీకు నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? వాణ్ని ఎత్తుకుంటే ఏమీ అనిపించడం లేదని కానీ, నేను లేకపోతేనే నయమని కానీ ఎప్పుడైనా అనిపించిందా? కాన్పయిన మొదటి వారాల్లో ఉత్తినే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ వేరు. అది మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలుకావచ్చు, మందులతో, మాటలతో తగ్గుతుంది. పిట్టల బాధ కింద అది కూడా దాక్కుని ఉందేమో ఇంత దూరం నుంచి నేను చెప్పలేను. పైవాటిలో ఏ ఒక్కదానికైనా 'అవును' అనుకుంటే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఒక్క రోజు కూడా ఆగొద్దు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల మీ ఇంటికి దగ్గరే. మన ఊళ్లో ఆటపట్టించడానికి వాడే పేరని నాకూ తెలుసు. అక్కడ కూర్చునేది డాక్టర్లే, వెళ్లడానికి సిగ్గుపడకండి.

ఇప్పుడు మీకు అంతగా రుచించని మాట. అత్తయ్య భయం ఉత్తుత్తిది కాదు. మనం లవ్‌బర్డ్స్ అని పిలిచే ఆ పచ్చ, నీలం బుల్లి పిట్టల అసలు పేరు బడ్జెరిగార్, పుట్టిల్లు ఆస్ట్రేలియా. వాటి ఈకల నుంచి సన్నటి పొడి రాలుతూనే ఉంటుంది. పంజరం అడుగున ఎండిన రెట్టని చీపురుతో పొడిగా ఊడిస్తే ఆ దుమ్మంతా గాల్లోకి లేస్తుంది. కొందరికి ఏళ్ల తరబడి అది పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. చిలుక జాతి పిట్టల నుంచి మనుషులకి అంటుకునే జ్వరం కూడా ఒకటుంది. అరుదే, కానీ ఉంది. పిట్టలున్న ఇళ్లలో పిల్లలు పెరగరా అంటే పెరుగుతారు. పంజరం పడకగదిలో, వంటింట్లో పెట్టకుండా, అడుగున కాగితం పరిచి, తడిపి తీసి, చేతులు కడుక్కుంటే సరిపోతుంది చాలా ఇళ్లకి. మీ బాబుకి సరిపోతుందో లేదో చెప్పాల్సింది పిల్లల డాక్టర్. మీరూ అడగలేదు, అత్తయ్యా అడగలేదు. ఈసారి టీకాకి వెళ్లేటప్పుడు అత్తయ్యని కూడా తీసుకెళ్లండి. ప్రశ్న ఆవిడనే అడగనివ్వండి. జవాబు ఎటు వచ్చినా ఆవిడ చెవులతో ఆవిడే వింటారు.

మీ ఉత్తరంలో మీరు పట్టించుకోకుండా దాటేసిన మాట ఇంకొకటుంది. మందారం, నందివర్ధనం బతికాయి. కుండీలో మొక్క మన ఊరి ఎండకి రెండు రోజులు నీళ్లు లేకపోతే తలవాల్చేస్తుంది. పైగా సముద్రపు ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడతాయి. అన్ని నెలలు ఎవరో ఒకరు చెంబు పట్టుకుని వెళ్లకపోతే అవి ఉండేవి కావు. తన పూజ కోసమే పోశారు, మీ కోసం కాదు, నిజమే. అయినా మొక్క మీద చెయ్యి వేసే మనిషి మీకు ఇంట్లో ఒకరున్నారు. సింహాచలం వెళ్లినప్పుడు ఆవిడ చేతికి నాలుగు సంపెంగలు కొనిచ్చి చూడండి. ముఖం ఎలా ఉంటుందో నాకు రాయండి.

అన్నిటికంటే ముందు చేయమని నేను చెప్పేది పటాల పని. ఈ ఆదివారమే దించండి. వాటికి ఈకలు లేవు, దుమ్ము రాల్చవు, ఏ డాక్టరూ వద్దనడు. పసివాడి పేరు చెప్పి వాటిని అటకెక్కించడానికి కారణమే లేదు. కాబట్టి ఇంట్లో మీ చోటు మీకు తిరిగి రావడం అక్కడే మొదలుపెట్టొచ్చు, గొడవ లేకుండా. ఆలస్యం చేస్తే వాటికీ మంచిది కాదు. సముద్రం పక్క ఊరు, అటక మీద గాలాడదు, కాగితానికి గోధుమరంగు మచ్చలు పడతాయి, వెండి పురుగు తినేస్తుంది. ఎండ నేరుగా పడని గోడ చూసి, పటం వెనక కింది మూలల్లో చిన్న బెండు ముక్కలు అంటించండి, గోడకి పటానికి మధ్య గాలి ఆడుతుంది.

చేపల బొమ్మలన్నారు. నాన్నగారు ఏ పుస్తకం నుంచి తీయించారో అడగండి. బహుశా ఆ చేపలు ఈ ఊరివే కావచ్చు. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టర్ 1780ల్లో తమ్ముడి వెంట విశాఖపట్నం వచ్చి, ఇక్కడి జాలర్లు ఒడ్డుకి తెచ్చిన చేపల్ని బొమ్మలు గీయించి, 1803లో 200 చేపలతో రెండు సంపుటాలు అచ్చు వేయించాడు. ఆ పుస్తకం పేరులోనే మన ఊరుంది. చేపలకి స్థానికులు పిలిచే పేర్లే రాసుకున్నాడు. రక్తపింజరకి ఇంగ్లిష్‌లో ఉన్న రస్సెల్ పేరు ఈయనదే. రెండు శతాబ్దాల కిందట ఈ తీరాన పట్టిన చేప మీ హాలు గోడ మీద ఉందని అత్తయ్యకి చెప్పండి. చేపల పులుసు వండే చేతికి ఆ బొమ్మలు నాకంటే, మీకంటే బాగా తెలుస్తాయి.

మీ లవ్‌బర్డ్స్‌కీ ఇలాంటి కథే ఒకటుంది. వాటిని ప్రాణాలతో ఇంగ్లండ్‌కి మొదట చేర్చింది 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు. ఆయన పుస్తకాల్లో బొమ్మలు గీసింది భార్య ఎలిజబెత్. ముగ్గురు చిన్నపిల్లల్ని తల్లి దగ్గర వదిలి, పెద్దవాణ్ని వెంటబెట్టుకుని, భర్తతో ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లింది. అక్కడే ఇంకో బిడ్డని కన్నది. ఒళ్లో చంటిపిల్లాడు, చేతిలో కుంచె. ఇంటికి తిరిగొచ్చిన మరుసటి ఏడాది, ఎనిమిదో కాన్పు తర్వాత జ్వరంతో పోయింది, 37 ఏళ్లకే. పేరంతా చాలాకాలం భర్తకే దక్కింది. ఇదంతా ఎందుకంటే, 'కన్నబిడ్డ కంటే ఎక్కువా' అని మిమ్మల్ని తక్కెడలో వేస్తున్నారు కదా. ఆ తక్కెడే తప్పు. బిడ్డ ఒక పక్క, పిట్ట ఒక పక్క పెట్టి తూచమని ఆ ఎలిజబెత్‌ని అడిగితే ఆవిడకి ప్రశ్నే అర్థమయ్యేది కాదు. మీరూ జవాబు చెప్పకండి. ఇలాంటి పాత పుస్తకాలు చాలా వాటిని బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వాళ్లు నెట్‌లో ఉచితంగా పెట్టారు. రాత్రి పాలిచ్చేటప్పుడు ఫోన్‌లో పేజీలు తిప్పుకోండి. ఐదో నెల వచ్చిన బాబుకి రంగులు బాగానే తెలుస్తాయి, పగలు పటం ముందు నిలబడి చూపిస్తే కళ్లు అప్పగించి చూస్తాడు.

రామచిలుక మాత్రం వద్దు. ఇంటి చిలుకల్ని మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి తప్పనిపించదు. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకల్ని, గోరువంకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. పైగా 2018 నుంచి రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. మీ ఆయన మిమ్మల్ని ఊరుకోబెట్టడానికి రాష్ట్ర పక్షిని తెచ్చి బోనులో పెడతారన్నమాట! మీ లవ్‌బర్డ్స్‌కి ఆ ఇబ్బంది లేదు. అయినా ఈ నెలలో ఏ పిట్టా రాకూడదు. వస్తువు తెచ్చిస్తే అడగాల్సిన మాట అడుగునపడిపోతుంది.

ఆ మాట మీ ఆయన్ని మీరు ఒక్కరే అడగండి, అత్తయ్య లేనప్పుడు, బాబు పడుకున్నాక. శివాజీ పార్కులో ఒక రౌండు నడుస్తూ అడిగితే ఇంకా మంచిది. ఎదురెదురుగా కూర్చుంటే మన మగవాళ్లు సగం మాటలు మింగేస్తారు, పక్కన నడుస్తుంటే కాస్త నోరు పెగులుతుంది. 'మీ అమ్మ' అని మొదలుపెట్టకండి. అక్కడితో ఆయన కొడుకైపోతారు, మొగుడు కనపడడు. 'ఇవ్వాల్సి వచ్చిందని ఫోన్‌లో చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు మీరు బాగుందని ఏది చెప్పినా అనుమానం వస్తోంది. అది నాకు భయంగా ఉంది.' ఇంతే చెప్పి ఆగండి. ఆయన ఏదో ఒకటి అనేదాకా ఆ మౌనాన్ని మీరు నింపకండి. 'సారీ' వస్తే తీసుకోండి. రాకపోతే, గాజువాక ఎప్పుడు తీసుకెళ్తారో రోజు అడగండి.

అవును, వెళ్లాలి. ఎవరింట్లో ఉన్నాయో మీకు తెలియాలి, కళ్లతో చూడాలి. అన్ని నెలల్లో ఆ ఇంటికి అలవాటు పడి ఉంటాయి, ఆ ఇంట్లో పిల్లలు వాటికి కొత్త పేర్లు కూడా పెట్టి ఉంటారు. చూశాక అక్కడే బాగున్నాయనిపిస్తే ఉండనివ్వండి. బాగా లేవనిపిస్తే, డాక్టర్ కూడా సరేనంటే, బాల్కనీలో నీడ చూసి తెచ్చుకోండి. ఆ నిర్ణయం మీది. ఈసారి దాన్ని ఎవరూ మీ బదులు తీసుకోకూడదని ఇంట్లో ముందే చెప్పండి.

ఆ ఇంటివాళ్ల తప్పేం లేదు. అడిగి తీసుకున్నారు, పెంచుతున్నారు. వెళ్లేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్లకండి. రైతు బజార్‌లో కొర్రలు ఒక కిలో కట్టించుకోండి.