ఈసారి ఎవరికీ వేయబుద్ధి కావట్లేదు, అక్కగారూ!

ఈ ‘అక్కగారి జవాబులు’ శీర్షికకి మామూలుగా వచ్చేవి అత్తాకోడళ్ల ఉత్తరాలు, పిల్లల చదువులు, వీసా గొడవలు. 2024 మే 22న బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ వానలో గొడుగు కూడా లేకుండా నిలబడి పార్లమెంటు ఎన్నికలు ప్రకటించినప్పటి నుంచి మాత్రం నా ఈమెయిల్ నిండా అదే గోల. జూలై 4, గురువారం పోలింగ్. ముందే ఒక మాట చెప్పాలి. నేను 1996లో తెనాలి నుంచి ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చాను. పదిహేనేళ్లుగా ఎన్నికల రోజున కౌన్సిల్ తరఫున పోల్ క్లర్కుగా కూర్చుంటున్నాను. కాబట్టి ‘ఎవరికి వేయమంటారు?’ అని అడిగినవాళ్లు ఇంకెవరినైనా చూసుకోండి. ‘ఎవరికీ వేయను’ అంటున్నవాళ్లతోనే నాకు పని.

*

ప్రశ్న: అక్కగారూ, నాకు 47 ఏళ్లు. స్లౌలో ఉంటాం, ఐటీ ఉద్యోగం. 2005లో లేబర్‌కి వేశాను. ఇరాక్ యుద్ధం గురించి తర్వాత చదివేకొద్దీ సిగ్గేసింది. 2010లో యూనివర్సిటీ ఫీజులు పెంచనివ్వం అన్నారని లిబరల్ డెమోక్రాట్లకి వేశాను. అప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు. ఈ సెప్టెంబరులో యూనివర్సిటీకి వెళ్తోంది, ఏడాదికి ఫీజు 9,250 పౌండ్లు! 2019లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చే బ్రెగ్జిట్ గోల ఒక కొలిక్కి వస్తే చాలని సునాక్ పార్టీ కన్జర్వేటివ్‌లకి వేశాను. 2021లో నాన్నగారు గుంటూరులో పోతే కోవిడ్ ఆంక్షల వల్ల దహనం వీడియోలో చూశాను. అదే రోజుల్లో ప్రధాని ఉండే డౌనింగ్ స్ట్రీట్‌లో విందులు చేసుకున్నారట. 2022 చివర్లో మా ఇంటి లోన్ (మార్ట్‌గేజ్) పాత వడ్డీ గడువు ముగిస్తే నెలకి వెయ్యి కట్టేది 1,600 అయింది. మూడు పార్టీలనీ నమ్మాను, మూడూ ముంచాయి. ఈసారి ఇంట్లో కూర్చుందామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: తప్పని ఎలా అంటాను బాబూ? నాన్నగారి సంగతి చదివి కాసేపు కంప్యూటర్ మూసేశాను. ఆ ఏడాది ఇలా వీడియోలో సాగనంపినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు.

కోపం న్యాయమైనదే. ఇంట్లో కూర్చోవడం మాత్రం నేనూ చేసి చూశాను, దాని సంగతి చెప్తాను.

2001 జూన్. మావాడికి మూడేళ్లు, ఆ రోజు జ్వరం. ‘టోనీ బ్లెయిరే మళ్లీ ప్రధాని అవుతాడు, నువ్వు వెళ్లకపోతే ఏం మునిగింది?’ అన్నారు మావారు. నిజమే, ఏమీ మునగలేదు. దేశంలో 59.4 శాతమే వేశారు ఆసారి. 1918 తర్వాత అంత తక్కువ అదే. నేనూ ఆ గుంపులో ఒకదాన్ని. నాలుగేళ్ల తర్వాత, 2005 ఎన్నికల ముందు, వంటింటి కిటికీలోంచి చూస్తుంటే కోటుకి ఒక పార్టీ రిబ్బన్ పువ్వు పెట్టుకున్న కుర్రాడు మాకు అటు ఇంటి తలుపు కొట్టాడు, ఇటు ఇంటి తలుపు కొట్టాడు, మాది దాటేశాడు. నాకు పౌరుషం వచ్చింది. చేతికి పిండితోనే బయటికెళ్లి ‘మా ఇల్లు కనబడలేదా?’ అన్నాను. పాపం ఎర్రబడిపోయి అట్ట మీద కాగితాలు చూపించాడు. ‘పోయినసారి మీరు వేయలేదండీ. ముందు వేసేవాళ్ల ఇళ్లు తిరగమన్నారు.’

అప్పటికి నాకు అర్థం కాలేదు. పోల్ క్లర్కు పనికి చేరాక తెలిసింది. మీరొచ్చి పేరు చెప్పగానే నేను జాబితాలో మీ పేరు వెతికి, స్కేలు పెట్టి గీత గీస్తాను. మీరు ఎవరికి వేశారో ఆ గీతకి తెలీదు, వేశారనే తెలుసు. ఎన్నిక అయ్యాక ఆ గీతల జాబితా నకలు పార్టీలు అడిగి తీసుకోవచ్చు, చట్టప్రకారమే. వచ్చే ఐదేళ్లు ఎవరి తలుపు కొట్టాలి, ఎవరి మాట వినాలి అన్నది దాన్ని పట్టుకునే చూసుకుంటారు. మీరు ఇంట్లో కూర్చుంటే ‘ఈయన కోపంగా ఉన్నాడు’ అని అక్కడ ఎవరూ రాసుకోరు. గీత లేదు, అంతే.

పెన్షనర్లనే చూడండి. మా సెంటర్లో ఉదయం ఏడింటికి తలుపు తీసేసరికి వాళ్లే ముందుంటారు, కొందరు కుక్కని కూడా తెస్తారు. ధరలో, జీతాలో, 2.5 శాతమో, ఏది ఎక్కువైతే అంత పెన్షన్ పెంచాలన్న ట్రిపుల్ లాక్‌ని ఈసారి ముట్టుకునే ధైర్యం ఏ పెద్ద పార్టీకీ లేదు. మీ అమ్మాయి ఈడు పిల్లల ఫీజుని మాత్రం ఎంత తేలిగ్గా ముట్టుకున్నారో మీరే రాశారు.

ఆ ఫీజుల సంగతే ఇంకాస్త చెప్పనివ్వండి. లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్ 2012లో క్షమాపణ చెప్పాడు. చెప్తే సరిపోతుందా? 2010లో ఆ పార్టీకి 57 సీట్లుంటే 2015లో 8 మిగిలాయి. ఆ పని చేసింది మీలాంటి కోపిష్టులే, కాకపోతే వాళ్లు పోలింగ్ స్టేషన్ దాకా నడిచారు.

అలాగని మీ ఒక్క ఓటు దేశాన్ని తిప్పేస్తుందని సోది చెప్పను. ఇక్కడా మన దేశంలో లాగే, నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వాళ్లదే సీటు, రెండోవాడికి సున్నా. 2015లో బ్రెగ్జిట్ కోరిన యూకిప్ పార్టీకి దాదాపు 39 లక్షల ఓట్లు పడితే దక్కింది ఒక్క సీటు. స్కాటిష్ నేషనల్ పార్టీకి 14.5 లక్షలకే 56. ఈ పద్ధతి మారుద్దామా అని 2011లో రెఫరెండం పెడితే 68 శాతం మంది వద్దన్నారు. కాబట్టి మీ సీటు ఎలాంటిదో ముందు చూసుకోండి. నియోజకవర్గాల సరిహద్దులు కూడా ఈసారి మార్చారు, పాత లెక్కలు అన్నిచోట్లా పనికిరావు. కొన్నిచోట్ల మీరు వేసినా వేయకపోయినా ఒకటే, ఒప్పుకుంటాను. కొన్నిచోట్ల కాదు. కెన్సింగ్టన్‌లో 2017లో తేడా 20 ఓట్లు. వించెస్టర్‌లో 1997లో రెండంటే రెండు. అక్కడ ఓడినాయన ఊరుకోలేక కోర్టుకెళ్లాడు. నవంబరులో మళ్లీ ఎన్నిక పెడితే ఈసారి 21,556 ఓట్ల తేడాతో ఓడాడు!

నేనైతే ఏం చేస్తానంటే, పార్టీల మేనిఫెస్టోలన్నీ ముందేసుకోను. నా ఇంటికి తగిలిన దెబ్బ ఒకటి ఎంచుకుంటాను. మీకైతే ఫీజో, మార్ట్‌గేజో. మీ సీటులో నిలబడ్డవాళ్లందరికీ అదే ప్రశ్న నాలుగు లైన్లలో ఈమెయిల్ చేయండి. కొందరు జవాబివ్వరు. కొందరు కరపత్రాన్నే తిప్పి పంపుతారు. ఒక్కరైనా మీ ప్రశ్న చదివి రాసినట్టనిపిస్తే అది మీకు తెలుస్తుంది. పెళ్లిచూపుల్లో తెలిసినట్టే.

*

ప్రశ్న: అక్కా, మాది హారో. మా ఆయన, అత్తగారు ‘సునాక్ మనవాడు, ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి అల్లుడు, ఇంట్లో ఓట్లన్నీ ఆయనకే’ అంటున్నారు. పోస్టల్ బ్యాలెట్లు వచ్చాయి, అందరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నింపుదాం అంటున్నారు. నాకేమో ఇంకా తేలలేదు. నోరెత్తితే గొడవ.

జవాబు: అమ్మా, మీ బ్యాలెట్ పేపర్ ఒకసారి తెరిచి చూడండి. సునాక్ పేరు దాని మీద ఉండదు. ఆయన యార్క్‌షైర్‌లో రిచ్‌మండ్ అండ్ నార్తలర్టన్‌లో నిలబడ్డారు. ఇక్కడ ప్రధానికి ఎవరూ నేరుగా ఓటు వేయరు, మీ హారో ఎంపీకే వేస్తారు. ఈ ఒక్క ముక్క అత్తగారికి చెప్పండి, కాసేపు నిశ్శబ్దం దొరుకుతుంది.

‘మనవాడు’ అన్న జబ్బు మనకి కొత్తదా? నాకు తెలిసి ఈసారి తెలుగువాళ్లు ఇద్దరు నిలబడ్డారు. నార్త్ బెడ్‌ఫోర్డ్‌షైర్‌లో ఉదయ్ నాగరాజు, లేబర్. స్టోక్-ఆన్-ట్రెంట్ సెంట్రల్‌లో డాక్టర్ చంద్ర కన్నెగంటి, కన్జర్వేటివ్. ఇద్దరూ మనవాళ్లే, చెరో పక్క. ఇప్పుడేం చేస్తారట?

డైనింగ్ టేబుల్ సంగతి నవ్వులాట కాదు. పోస్టల్ ఓటు కూడా రహస్యమే. మీరు నింపుతుంటే ఎవరికి వేస్తున్నారో తెలుసుకోవాలని తొంగిచూడటం ఇప్పుడు నేరం. మీ కవరు తీసుకుని మేడ మీదకి వెళ్లండి, ‘తలనొప్పిగా ఉంది, తర్వాత నింపుతా’ అనండి. పోస్టు ఆలస్యమవుతుందని భయమైతే, మీ కవరు మీరే పోలింగ్ రోజున మీ నియోజకవర్గంలోని పోలింగ్ స్టేషన్‌కి తెచ్చివ్వచ్చు. అక్కడ ఒక చిన్న ఫారం నింపాలి, నింపకుండా పెట్టి వెళ్లిపోతే చెల్లదు.

*

ప్రశ్న: ఆంటీ, నేను కవెంట్రీలో ఎంఎస్సీ చేస్తున్నాను, వరంగల్ నుంచి. ఇండియన్ పాస్‌పోర్టే. ఓటర్ల లిస్టులో పేరుంది, ఓటు ఎక్కడ వేయాలో చెప్పే పోల్ కార్డు వచ్చింది. రూమ్మేట్లు ‘అది పొరపాటు, వేస్తే వీసా పోతుంది’ అని టెన్షన్ పెడుతున్నారు. అయినా రెండేళ్లలో పోయేవాణ్ని, నాకెందుకు?

జవాబు: పొరపాటు కాదు నాయనా. ఇండియా కామన్వెల్త్ దేశం. చెల్లే వీసా మీద ఇక్కడ నివసించే కామన్వెల్త్ పౌరుడికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. మా పక్కింటి ఇటలీ ఆవిడ పాతికేళ్లుగా ఇక్కడ పన్ను కడుతోంది, ఆవిడకి లేదు! నన్ను చూసినప్పుడల్లా ఈ విషయం గుర్తుచేసి నిట్టూరుస్తుంది.

రెండేళ్లే అంటున్నావు. 2024 ఫిబ్రవరి నుంచి స్టూడెంట్లకి వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 470 నుంచి 776 పౌండ్లు అయింది. ఏప్రిల్ నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా ఉండాల్సిన జీతం 26,200 నుంచి 38,700కి ఎక్కింది. ఇవన్నీ నీ రెండేళ్లలోనే జరిగాయి కదా?

పాస్‌పోర్టు తీసుకెళ్లు. ఫొటో గుర్తింపు లేకుండా బ్యాలెట్ ఇవ్వరు, ఇంగ్లండ్‌లో సాధారణ ఎన్నికల్లో ఈ నిబంధన ఇదే మొదటిసారి. స్టూడెంట్ కార్డు, రైల్ కార్డు పనికిరావు. పెద్దవాళ్ల బస్ పాస్ మాత్రం పనికొస్తుంది. ఎందుకని నన్నడగకు, నేను గీతలు గీసేదాన్ని.

*

ప్రశ్న: ఇక్కడ నోటా ఉందా? ఉంటే దానికే వేస్తాను. (లెస్టర్)

జవాబు: లేదు. మన దేశంలో 2013లో సుప్రీంకోర్టు చెప్పాక వచ్చింది, ఇక్కడ ఇంకా రాలేదు. కావాలంటే కాగితం ఖాళీగా వేయచ్చు, లేదా మీ కోపమంతా రాసి వేయచ్చు. చెల్లని ఓట్లుగా లెక్కపెట్టి సంఖ్య ప్రకటిస్తారు. అనుమానం ఉన్న కాగితాలని అభ్యర్థులకీ వాళ్ల ఏజెంట్లకీ చూపిస్తారు, కాబట్టి మీ తిట్టు చదివేవాళ్లు ఉంటారు. ఒక జాగ్రత్త: తిట్టు ఒక్కరి గడిలో పడకుండా చూసుకోండి. 2015లో వేల్స్‌లో ఒక ఓటరు ఒక అభ్యర్థి గడిలో చక్కగా, గీత దాటకుండా బూతుబొమ్మ గీశాడు. దాన్ని ఆ అభ్యర్థికి పడిన ఓటుగానే లెక్కేశారు.

*

ప్రశ్న: అక్కా, నేను నాటింగ్‌హామ్‌లో వృద్ధులని చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. మార్చి ఆఖర్లో వీసాకి అప్లై చేశాను. ఏజెంటు ‘ఆరు నెలల్లో బాబుని తెచ్చుకోవచ్చు’ అన్నాడు. వచ్చాక తెలిసింది, మార్చి 11 నుంచే కేర్ వర్కర్లు పిల్లల్ని తెచ్చుకోకుండా ఆపేశారని. బాబుకి నాలుగేళ్లు, రాజమండ్రిలో అమ్మ దగ్గరున్నాడు. టీవీలో ఏ పార్టీ పెట్టినా మమ్మల్ని తగ్గిస్తామనే అంటున్నారు. వీళ్ల అమ్మలకి నేను స్నానం చేయిస్తున్నాను, వీళ్లకి ఓటెందుకు వేయాలి?

జవాబు: అమ్మా, మీకు తీపి అబద్ధం చెప్పలేను. కన్జర్వేటివ్‌లు పెట్టిన నిబంధన అది. లేబర్ దాన్ని ఎత్తేస్తామని మాటివ్వలేదు, వలసలు తగ్గిస్తామనే వాళ్లూ అంటున్నారు. రిఫార్మ్ పార్టీ అయితే ఇంకా గట్టిగా అంటోంది. జూలై 5న తెల్లారేసరికి మీ బాబుకి దారి తెరుచుకోదు. ఏజెంటుకి కట్టిన డబ్బు రసీదులు, వాట్సాప్ మెసేజీలు ఏవీ చెరిపేయకండి.

మీరు అడిగిన ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. ఒక్క ఉపయోగం మాత్రం చెప్పగలను. గెలిచేది ఎవరైనా మీ నియోజకవర్గానికి ఒక ఎంపీ ఉంటారు. వాళ్లు జనాన్ని కలిసి కష్టాలు వినడానికి కూర్చుంటారు, దాన్ని సర్జరీ అంటారు. పేరు విని కంగారుపడకండి, కత్తులుండవు. మీరు ఓటు వేసినా వేయకపోయినా వాళ్లు మిమ్మల్ని వినాలి. కానీ ఇప్పుడు మీ గుమ్మంలోకి ఓటడగడానికి వచ్చినవాణ్ని నిలబెట్టి, ‘నేను మీ అమ్మకి స్నానం చేయిస్తాను, నా కొడుకుని చూడనివ్వరు, దీనికి మీరేమంటారు?’ అని అడగండి. నాకు రాసినట్టే అడగండి. ఏం చెప్తాడో, ఎవడు కళ్లు దించుకుంటాడో చూడండి. ఎవరికి వేయాలో, అసలు వేయాలో వద్దో అప్పుడు తేల్చుకోండి. వేయకపోయినా నేను మిమ్మల్ని ఒక్క మాట అనను.

వేయాలనిపిస్తే, బుధవారం రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడే పాస్‌పోర్టు సంచిలో వేసుకోండి. ఉదయం ఎనిమిదికి షిఫ్టు దిగి యూనిఫాం మీదే వచ్చేయచ్చు. నిద్ర ముంచుకొస్తే ఇంటికెళ్లి పడుకోండి. రాత్రి పదింటి దాకా తెరిచే ఉంటుంది, పదింటికి క్యూలో ఉన్నా ఇస్తారు.