బీట్ ఆపి చదివి చూడు

తమ్ముడూ,

నీ మూడు ర్యాప్ ట్రాకులూ విన్నాను. వాటితో పాటు పెట్టిన మెసేజ్ కూడా చదివాను. "బీట్ దుమ్ము లేపితే లిరిక్ ఎవడు పట్టించుకుంటడన్నా? పెద్దపెద్దోళ్లే అంతా వేస్ట్ అని పాడి వ్యూస్ కొడుతున్నరు" అన్నావు. దీనికి నింపాదిగా జవాబు రాయాలనిపించింది.

నీ మాటలో నిజం లేకపోలేదు. హిప్-హాప్‌లో బీటే ముందు పుట్టింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే వాయించిన పార్టీని దాని పుట్టినరోజుగా చెప్పుకుంటారు. పాటలో జనం ఊగిపోయే డ్రమ్స్ ముక్కను పట్టుకుని, రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ల మీద దాన్ని సాగదీయడం ఆయన చేసిన పని. మైకులో మాటలు మొదట్లో డాన్స్ చేసేవాళ్లను హుషారెక్కించడానికే. అంతదూరం ఎందుకు, మన పాతబస్తీ బరాత్‌లో మర్ఫా డప్పులు మోగితే సాహిత్యం ఎవరడుగుతారు? కాళ్లు వాటంతటవే ఆడతాయి. వట్టి దరువుకు నేనెప్పుడూ వంక పెట్టను. కానీ నువ్వు మైకు పట్టుకున్నావు. నోరు తెరిచాక ఆ మాటకు పూచీ నీదే, బీట్‌ది కాదు.

పైగా ఆ బీట్ నీది కూడా కాదు కదా. యూట్యూబ్‌లో దొరికిన టైప్ బీట్, అంటే పేరున్నవాళ్ల తరహాలో ముందే చేసి పెట్టింది. అదే 808 డ్రమ్ మెషీన్ బేస్, అవే పరుగులు తీసే హై-హ్యాట్ తాళాలు. ఒకే బీట్‌ను పదిమందికి లీజుకిస్తారు, పదిమందీ దాని మీద పాడతారు. అందులో నీదంటూ ఉండేది మాట ఒక్కటే. దాన్నీ గాలికొదిలేస్తే ఆ ట్రాకు మీద నీ పేరెందుకు?

చీకటి రాయొద్దని నేననను. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ 'ద మెసేజ్' తెచ్చారు. అందులో ఓదార్పు లేదు. చివరికి ఒక కుర్రాడు జైలు గదిలో శవమై తేలతాడు. అయినా అది బోలు పాట కాదు. పగిలిన గాజు, ఎలుకలు, బొద్దింకలు, పారిపోదామన్నా చేతిలో డబ్బు లేకపోవడం, అన్నీ కళ్లకు కడతాయి. ఆ బీట్ కూడా అదిరేదే. మరి నీ మొదటి ట్రాకులో? "ఎవ్వడూ లేడు, ఏదీ లేదు, బతుకే వేస్ట్" అని హుక్, అదే పల్లవి, తిరుగుతూనే ఉంటుంది. ఎవరు పోయారు? ఏం పోయింది? ఒక్క మనిషి కనబడడు. అమెరికాలోని అట్లాంటాలో ట్రాప్ అనే ర్యాప్ శైలి మొదలుపెట్టినవాళ్లు మత్తుమందులమ్మే ఇళ్ల గురించి పాడారంటే, అవి వాళ్ల వాడల్లో ఉన్నవి. హైదరాబాద్‌లో మూసీ పక్కన మూసారాంబాగ్‌లో పెరిగిన నువ్వు వాళ్ల సౌండుతో పాటు వాళ్ల తుపాకులనూ నిరాశనూ కూడా లీజుకు తెచ్చుకున్నావు. నిజంగా గుండె పగిలినవాడు ఏ రాత్రి రెండింటికో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నీ పాట వింటాడు. వాడితో అంతా వేస్ట్ అనడానికి నీ దగ్గర ఏం ఆధారం ఉంది? ఈ ఒక్క ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసుకోకు.

ఇక పనితనం. తెలుగు వాక్యం ఎక్కువగా క్రియతో ముగుస్తుంది. అందుకే చూస్తున్నా, పోతున్నా, చస్తున్నా అని రాసుకుంటూ పోతే అంత్యప్రాస ఉచితంగా వచ్చేస్తుంది. నీ పదహారు బార్లలో, అంటే లైన్లలో, సగానికి పైగా ఇదే. మిగతావి గేమ్, ఫేమ్, నేమ్. ఇంకో మాట, ఇంగ్లీషు ర్యాప్ నడకలో ఇరికించడానికి "బతుకు"ను "బాతుకూ" అన్నావు. మన భాషలో హ్రస్వం, దీర్ఘం తేడాలోనే బోలెడు తాళం ఉంది, దాన్ని చంపకు.

ఇప్పుడు నీ మూడో ట్రాకులోని ఈ రెండు లైన్లు చూడు:

"గండిపేట గేట్లెత్తిన్రు, గల్లీ నిండ నీళ్లు
గుండెకత్తుకొని పుస్తకాలు చెల్లె ఎక్కె మెట్లు"

రెండు పాదాల్లోనూ రెండో అక్షరం "ండ"తో కలిసింది. అది మన ప్రాస, పద్యం రాసినవాళ్లు వందల ఏళ్లుగా వాడుతున్నదే. తెలిసి చేశావో తెలియక చేశావో గానీ, బీట్ ఆపి పైకి చదివినా దరువు వినబడుతోంది. గండిపేట చెరువు గేట్లెత్తి మూసీ పొంగితే ఏమవుతుందో తెలిసినవాడు రాసిన లైన్లివి. ఇందులోనూ ఆశ లేదు, కానీ ఒక మనిషి ఉంది. ఆ వెంటనే నువ్వు మళ్లీ గొలుసులూ కార్లలోకి వెళ్లిపోయావు, నాకు ప్రాణం ఉసూరుమంది.

మొదటి రెండు ట్రాకులూ పక్కన పెట్టు. ఈ మూడోదాన్ని నీళ్లు తగ్గిన తెల్లారి నుంచి తిరగరాయి. బురద ఎవరెత్తారు, ఫ్రిజ్ పనిచేసిందా, ఇంటి ఓనర్ ఏమన్నాడు, చెల్లె పరీక్ష రాసిందా లేదా. బీట్ పెట్టకుండా, తొడ మీద తాళం వేసుకుంటూ ఫోన్లో రికార్డు చేసి పంపు. వచ్చే ఆదివారం లోపల.

మీ అన్న