బావని బెంచీ మీద కూర్చోబెట్టేదెట్టా?

(ఆటల ఉత్తరాలకు జవాబులు: నెల్లూరు నుంచి ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్)

ప్రశ్న: సార్, మాది కావలి. మా బాస్కెట్‌బాల్ టీముకి నేను కెప్టెన్ని. టీములో పెద్ద ప్లేయరు మా బావే, సొంత అక్క మొగుడు. వయసు 38. నాకు బంతి పట్టుకోవడం నేర్పింది ఆయనే. యూనివర్సిటీకి ఆడినోడు, ఈ చుట్టుపక్కల కోర్టుల్లో పేరు చెప్తే ఇప్పటికీ గుర్తుపడతారు. ఈమధ్య పరుగు బాగా తగ్గింది. మొన్న సంక్రాంతి పోటీల్లో సెమీస్‌లో 19 పాయింట్లు ఆయనే వేశాడు, అయినా 7 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. జనంలోంచి ఎవడో 'ముసలాయన్ని దించండ్రా' అని అరిచాడు. మా కుర్రాళ్లు కూడా ఆయన్ని మొదటి ఐదుగురిలో వద్దంటున్నారు. ఆ మాట నా నోటితో చెప్తే అక్క ఇక మా గడప తొక్కదు. ఏం చెయ్యమంటారు?
(పేరు వెయ్యొద్దు, కావలి)

జవాబు: అరిచినోడి సంగతి వదిలెయ్ అబ్బయ్యా. ఒకప్పుడు మీ బావ పేరు పెట్టి ఈలలేసినోడే అయ్యుంటాడు వాడు.

నీ ఉత్తరంలో ఒక అంకె ఉంది, ఒక అంకె లేదు. బావ వేసిన 19 రాశావు. బావ ఎవరికి కాపలా కాశాడో, ఆ కుర్రాడు ఎన్ని వేశాడో రాయలేదు. నాకు కావాల్సింది అది. వేసినవి ఊరంతా లెక్కపెడుతుంది, ఇచ్చుకున్నవి ఎవరూ రాసుకోరు. అందుకే పెద్ద ప్లేయరు తగ్గాడన్న సంగతి టీముకి ఆలస్యంగా తెలుస్తుంది, ఆయనకి ఇంకా ఆలస్యంగా.

వయసు ముందు కాళ్లలో కనిపిస్తుంది. ఉరకడానికి, ఎగరడానికి పనికొచ్చే కండరాల పోగులే ముందుగా సన్నబడతాయి. షాటు వేసే చెయ్యి చాలాకాలం చెడదు. రింగు ఎత్తు పదడుగులే, ఫ్రీ త్రో గీత (ఫౌలైనాక ఎవరూ అడ్డం లేకుండా షాటు వేసే గీత) ఎక్కడుందో అక్కడే. కాబట్టి మీ బావ ఇవాళ కూడా నిలబడి వేస్తే బుట్టలో పడుతుంది, చూసేవాళ్లు 'ఆట తగ్గలేదు' అంటారు. తగ్గింది బయటపడేది మన షాటు తప్పి, అవతలోళ్లు రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చిన బంతి) పట్టుకుని ఫాస్ట్ బ్రేక్‌కి, అంటే మనం సర్దుకునేలోపే మన రింగు మీదికి ఉరకడానికి, లేచినప్పుడు. కోర్టు పొడవు 28 మీటర్లు. అవతలి కుర్రాడు మన రింగు కిందికి చేరేసరికి బావ సగం గీత దగ్గర నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉంటాడు. ఇంకోటి, పక్కకి జరగడం. ముందుకి ఎట్టాగో ఉరుకుతాడు గానీ, రెండడుగులు పక్కకి జరిగి ఎదుటోడికి అడ్డం పడలేడు. అప్పుడు కాలు చెయ్యాల్సిన పని చెయ్యి చేస్తుంది, రెఫరీ విజిల్ వేస్తాడు. ఐదో ఫౌలుతో బయటికి. మన దగ్గర చాలా కోర్టులు సిమెంటువి కూడానూ. చెక్క కోర్టు మీద దిగినట్టు కాదు దాని మీద దిగడం, ప్రతి దుంకూ మోకాలి ఖాతాలో పడుతుంది.

వచ్చే మ్యాచ్‌కి బయట కూర్చునే పిల్లాడి చేతికి ఒక నోటుపుస్తకం ఇయ్యి. బావ కాపలా కాసిన ఆటగాడు ఎన్ని వేశాడు? బంతి కంటే ముందు బావ మన సగంలోకి ఎన్నిసార్లు వచ్చాడు, ఎన్నిసార్లు రాలేదు? బంతి బావ చేతికి చేరినాక మిగతా నలుగురూ నిలబడి చూసింది ఎన్నిసార్లు? ఈ ఆఖరిది బావ లెక్క కాదు నాయనా, మీది. నేను చూసిన టీముల్లో చాలావాటికి ఇదే జబ్బు. ఏళ్ల తరబడి 'అన్నకియ్యి, అన్న చూసుకుంటాడు' అని అలవాటు పడి, అన్నకి కాళ్లు ఆడని రోజున కూడా అట్టాగే ఇచ్చి, ఓడినాక అన్నని అంటారు. 19 పాయింట్లకి ఆయన ఎన్ని షాట్లు వేశాడో కూడా రాయించు. పన్నెండుకి 19 అయితే ఒక సంగతి, ముప్పైకి 19 అయితే ఇంకో సంగతి.

ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు పోటీల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని నోరు తెరిచి చూసి విభాగాలు పెడతారు. మనుషుల ఆటలో మాస్టర్స్ (పెద్ద వయసోళ్ల) పోటీలు తప్పిస్తే ఆ వెసులుబాటు లేదు. 19 ఏళ్లోడూ 38 ఏళ్లోడూ ఒకే కోర్టులో దిగాలి. కాబట్టి విభాగం మనమే పెట్టాలి, నిమిషాల లెక్కలో.

ఆట 40 నిమిషాలు, పది చొప్పున నాలుగు క్వార్టర్లు. బంతి ఆగినప్పుడు ఎన్నిసార్లైనా మనిషిని మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. బావని మొదటి క్వార్టర్ ఆఖరి 4 నిమిషాలు, రెండో దాంట్లో 5, మూడో దాంట్లో 4, నాలుగో దాంట్లో ఆఖరి 5 నిమిషాలు ఆడించు. మొత్తం 18. అవతలోళ్ల బెస్ట్ ఆటగాడు అలిసి బెంచీ ఎక్కే సమయానికి బావ తాజాగా దిగుతాడు. డిఫెన్స్‌లో మనిషికి మనిషి కాకుండా 2-3 జోన్ వెయ్యి, అంటే ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఎవరి చోటు వాళ్లు కాయాలి. బావని వెనక వరసలో నిలబెట్టు. అక్కడ పరుగు కన్నా బంతి ఎటు పోతుందో ముందే కనిపెట్టడం ముఖ్యం, అది ఆయనకి మీ అందరికన్నా బాగా తెలుసు. మనం బుట్టకి పోయేటప్పుడు ఆయన ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి బంతి అందుకోవాలి, రింగు కిందికి దూరే కుర్రాళ్లకి పాస్ ఇవ్వాలి. వాళ్లని కాపలా కాసేవాళ్లు వెనక్కి తగ్గితే తనే వేసుకోవాలి. డ్రిబుల్ చేసుకుంటా కోర్టు దాటే పని ఇంక ఆయనకొద్దు.

ఇక చెప్పే పద్ధతి. మీ ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మాత్రం ఈ మాట తేవద్దు. అత్తగారింట్లో, పళ్లెం ముందు, మామగారు వింటా ఉంటే అల్లుడికి 'నువ్వు బెంచీ' అని చెప్పావంటే అది ఇంక ఆట సంగతిగా ఉండదు. అక్కతో చెప్పించొద్దు. వాట్సాప్ గ్రూపులో టీము లిస్టు పెట్టి చూసుకోమనడం అన్నిటికన్నా ఘోరం. నా సర్వీసులో చూసిన తగాదాల్లో సగం నోటీసు బోర్డు దగ్గరే మొదలైనయ్. మామూలు రోజు, ప్రాక్టీసు అయినాక, షూ లేసులు విప్పుకుంటా ఉన్నప్పుడు, మీరిద్దరే ఉండంగా నోటుపుస్తకం చేతికియ్యి. నువ్వు చదివి వినిపించొద్దు, ఆయన్నే చూసుకోనియ్యి. 'రెస్టు తీసుకో బావా' అనొద్దు, ఆ మాట ఒంటికి కారం రాసినట్టుంటుంది. 'ఆఖరి 5 నిమిషాలు నీవి, నీ చోట్లో మొదట ఎవర్ని దించాలో నువ్వే చెప్పు' అని అడుగు. కుర్రాణ్ణి ఆయనే ఎంచుకుంటే వాడికి ఆయనే నేర్పుతాడు, వాడు వేసిన బుట్టకి ఆయనే చప్పట్లు కొడతాడు.

ఒప్పుకోకపోతే అంటావా? పెద్దపెద్దోళ్లే ఒప్పుకోలేదు. అలెన్ ఐవర్సన్ 2001లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) మొత్తానికి అత్యుత్తమ ఆటగాడు. 2009లో మెంఫిస్ వాళ్లు బెంచీ మీంచి రమ్మంటే కాదన్నాడు, మూడే మ్యాచ్‌లాడి ఆ టీము వదిలేశాడు. కార్మెలో ఆంథనీని 2017లో బెంచీ గురించి అడిగితే పెద్దగా నవ్వేశాడు. మరుసటేడు హ్యూస్టన్‌లో పది మ్యాచ్‌లతో సరి, ఆ తర్వాత దాదాపు ఏడాది ఏ టీమూ పిలవలేదు. చివరికి పోర్ట్‌లాండ్‌లోనూ లేకర్స్‌లోనూ అదే బెంచీ మీంచి దిగి చక్కగా ఆడాడు. ముందే ఒప్పుకున్నోడు మను జినోబిలి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అర్జెంటీనాకి బంగారు పతకం తెచ్చిన మనిషి, శాన్ ఆంటోనియో టీములో ఆరో ఆటగాడిగా, అంటే మొదటి ఐదుగురి తర్వాత బెంచీ మీంచి, దిగేవాడు. 2008లో ఆరో ఆటగాళ్లకిచ్చే అవార్డు ఆయనదే. అది కూడా కాళ్లు బాగున్న రోజుల్లోనే! నాలుగు టైటిళ్లు గెలిచి 41 ఏళ్లకి మానుకున్నాడు. మొదట దిగేవాళ్ల పేర్లు మైకులో చదువుతారు సరే, మ్యాచ్ ముగిసేటప్పుడు కోర్టులో ఎవరున్నారో చూడమను మీ బావని.

కుర్రాళ్లు ఇంకో ఎత్తు వేస్తారు, నాకు తెలుసు. వచ్చే సంక్రాంతికి స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, మైకులో 'మా గురువుగారు' అని పొగిడి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టడం. మన జిల్లాల్లో మనిషిని మర్యాదగా సాగనంపే దారి అదే. ఒప్పుకోవద్దు. ఇంకా 18 నిమిషాల ఆట మిగిలున్న మనిషి ఆయన.

ప్రశ్న: మాస్టారూ, కోబీ బ్రయంట్ ఆఖరి మ్యాచ్‌లో 60 పాయింట్లు కొట్టాడు. అప్పటికి 37 ఏళ్లు. మరి వయసైతే ఆట తగ్గుతుందని ఎందుకంటారు?
(డిగ్రీ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: ఆ రాత్రి నేనూ మర్చిపోను. 2016 ఏప్రిల్ 13, యూటా టీము మీద. అయితే 60 పక్కన ఇంకో అంకె పెట్టుకో, 50. ఆ మ్యాచ్‌లో ఆయన వేసిన షాట్లు అవి, పడినవి 22. మూడు పాయింట్ల షాట్లు 21 వేస్తే 6 పడినయ్. ఆ సీజన్ మొత్తం మీద నూటికి 36 షాట్లు కూడా పడలేదు, టీము 82 మ్యాచ్‌లలో 17 గెలిచి 65 ఓడింది. పోయేదేమీ లేదు కనుక ఆ రాత్రి బంతంతా ఆయనకిచ్చారు. పండగ అది, పండగని పండగలాగే చూడాలి. దాన్ని చూపించి మంగళవారం మామూలు మ్యాచ్‌లో 38 ఏళ్లోడి చేత 50 షాట్లు వేయించకూడదు.

కోబీ ఆట విరిగింది వయసుతో ఒక్కటే కాదు. 2013 ఏప్రిల్‌లో మడమ వెనకుండే అకిలీస్ తెగింది. పిక్క కండరాన్ని మడమకి కట్టిపెట్టే తాడు లాంటిది అది. తెగితే దుంకేటప్పుడు తన్నుకునే బలం పోతుంది. ఆ రోజు తెగిన కాలితోనే నడుచుకుంటా పోయి రెండు ఫ్రీ త్రోలు వేశాడు, రెండూ పడినయ్. చెయ్యి చెడదని పైన కావలి కుర్రాడికి చెప్పింది ఇదే.

నీకు ఇంకో దారి కూడా చూపిస్తాను, విన్స్ కార్టర్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఏడడుగుల పైచిలుకు ఫ్రెంచి ఆటగాడి తల మీంచి ఎగిరి డంక్ చేసిన (బంతిని చేత్తో రింగులోకి కుక్కిన) మనిషి. మోకాళ్లు మొరాయించినాక ఎగరడం తగ్గించుకుని, మూడు పాయింట్ల గీత బయట నిలబడి వేసేవాడైపోయాడు. కుర్రాళ్లకి పాఠాలు చెప్తా, బెంచీ మీంచి దిగతా మొత్తం 22 సీజన్లు ఆడాడు. ఆఖరి ఏడాది మ్యాచ్‌కి సగటున ఐదే పాయింట్లు. నన్నడిగితే ఆ ఐదు కూడా చూడదగ్గవే, నీ వయసులో నచ్చవులే.

ప్రశ్న: నమస్తే సార్. నాకు 42 ఏళ్లు, స్కూలు టీచర్ని. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీకి ఆడాను. పెళ్లయినాక మానేశాను. మళ్లీ కోర్టుకి పోదామంటే మావారు నవ్వుతున్నారు. మొదలుపెట్టొచ్చా?
(గూడూరు)

జవాబు: మొదలుపెట్టమ్మా. ఆయన్ని కూడా రమ్మను, రెండు రౌండ్లు పరిగెత్తినాక ఎవరు నవ్వుతారో చూద్దాం.

ముందు డాక్టరుకి చూపించుకో. బీపీ, షుగర్, మోకాళ్లు. ఇంట్లోంచి నేరుగా వచ్చి మ్యాచ్ ఆడటం నీ వయసులో పనికిరాదు. మొదటి నెల నడక, పిక్కల వ్యాయామం, నిలబడి షాట్లు, అంతే. ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, మన ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. తెల్లారుజామున గానీ లైట్లు వేసినాక గానీ పో.

పూర్తి కోర్టు వద్దు. ముగ్గురు ముగ్గురు ఆడే 3×3 ఉంది, టోక్యో ఒలింపిక్స్ నుంచి పతకాల ఆట కూడా అయింది. సగం కోర్టు, ఒకటే రింగు, 10 నిమిషాలు, లేదా ముందు 21 పాయింట్లు చేరినోళ్లు గెలిచినట్టు. దూరం పరుగులుండవు కాబట్టి తేలికనుకునేవు, అసలు నియమంలో 12 సెకన్లలో షాటు వెయ్యాలి, ఊపిరి సలపదు. ఆ 12 సెకన్ల నియమం మీరు పక్కన పెట్టుకోండి, మిమ్మల్నెవరూ జైల్లో పెట్టరు. ఆరో నంబరు (ఆడవాళ్ల సైజు) బంతి తీసుకో, మీ రోజుల్లో మగపిల్లల బంతితోనే సరిపెట్టుంటారు. అన్నిటికన్నా ముందు దుంకి దిగడం మళ్లీ నేర్చుకో. రెండు కాళ్ల మీద, మోకాళ్లు కొంచెం వంచి దిగాలి. చిన్నప్పుడు ఎట్టా దిగినా కాళ్లు ఊరుకున్నయ్, ఇప్పుడు ఊరుకోవు.

ప్రశ్న: మా నాన్నకి 45. 'ఈ ఏడాదే ఆఖరు' అని ప్రతి ఏడాదీ అంటాడు. మళ్లీ సీజన్ రాగానే కోర్టుకి పోతాడు. ఆయన మాట నమ్మొచ్చా?
(ఇంటర్ అమ్మాయి, కందుకూరు)

జవాబు: నమ్మొద్దు తల్లీ. మైకేల్ జోర్డాన్ అంతటివాడు 1993లో మానుకుని, మళ్లీ వచ్చి, 1999లో మానుకుని, మళ్లీ వచ్చి, మూడోసారి 2003లో గానీ నిజంగా మానలేదు. ఆ మధ్యలో 40 నిండిన నాలుగు రోజులకి ఒక మ్యాచ్‌లో 43 వేశాడు. ఇంక మీ నాన్న ఏం వింటాడు? మాన్పించే ప్రయత్నం మానేసి, ఆయన పాత షూ అడుగు ఒకసారి తిప్పి చూడు. గీతలు అరిగిపోయి నున్నగా ఉంటే ఈ నెలలోనే కొత్తవి కొనిపించండి. సిమెంటు మీద ఇసక పడి ఉంటుంది, జారితే మాత్రం నిజంగానే అదే ఆఖరు అవుద్ది.