రిఫండ్ మెసేజ్ నమ్మి కార్డు నంబరు కొట్టేశాను, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: నేను ఎప్పుడూ కొనే షాపింగ్ సైటు పేరుతో మెసేజ్ వచ్చింది సర్. మీరు కొన్న వస్తువు క్వాలిటీ చెక్‌లో ఫెయిల్ అయింది, వెనక్కి పంపక్కర్లేదు, పూర్తి రిఫండ్ కోసం ఈ లింకు నొక్కండి అని. ఈమధ్యే నిజంగా ఒకటి కొన్నాను, పైగా పాత డెలివరీ మెసేజ్‌ల కిందే వచ్చింది కాబట్టి నమ్మేశా. కార్డు వివరాలన్నీ కొట్టాక ఓటీపీ అడిగేసరికి డౌటొచ్చి ఆపేశా. డబ్బులైతే పోలేదు. ఇంకేమైనా చెయ్యాలా?

జవాబు: చెయ్యాలండీ, ముందు ఇది చదవడం ఆపి బ్యాంకు యాప్‌లో ఆ కార్డు బ్లాక్ చేసి రండి. డబ్బులు పోలేదు అన్నారు కానీ ఇంకా పోలేదు అనే అనుకోవాలి, ఎందుకంటే నంబరు, ఎక్స్‌పైరీ, సీవీవీ మూడూ వాళ్ళ చేతిలో ఉన్నాయి, ఓటీపీ అడక్కుండానే పేమెంట్ తీసుకునే సైట్లు, ముఖ్యంగా విదేశీవి, బోలెడున్నాయి, చాలాసార్లు ముందు ఒక చిన్న మొత్తం లాగి కార్డు పనిచేస్తుందా అని చూసుకుని ఆ తర్వాత పెద్దది లాగుతారు. పిన్ మారిస్తే సరిపోదు, కొత్త నంబరుతో కొత్త కార్డే తీసుకోండి.

మీరు ఆగిన చోటే అసలు కథ ఉంది. ఆ ఓటీపీ మెసేజ్ ఇంకా ఫోన్లో ఉంటే తీసి అంకెలు కాకుండా పక్కనున్న మాటలు చదవండి. రిఫండ్ అని ఎక్కడా ఉండదు, ఫలానా మొత్తం పేమెంట్‌కి అనో, లేదంటే మీ కార్డుని మొబైల్ వాలెట్‌లో (ఫోన్‌నే కార్డులా వాడనిచ్చే యాప్‌లో) యాడ్ చెయ్యడానికి అనో ఉంటుంది. రెండోది మరీ ప్రమాదం. వాళ్ళ ఫోన్లో ఉన్న వాలెట్‌లోకి మీ కార్డు ఎక్కించేసుకుంటే ఇక ప్రతిసారీ మిమ్మల్ని ఓటీపీ అడగాల్సిన పని లేకుండా షాపుల్లో ట్యాప్ చేసి కొనేస్తారు. అందుకే బ్యాంకుకి ఫోన్ చేసినప్పుడు కార్డు బ్లాక్ అయిందా అని మాత్రమే కాదు, ఈ కార్డు ఏ వాలెట్‌లోనైనా, ఏ డివైస్‌లోనైనా యాడ్ అయి ఉందా, ఉంటే అన్నీ తీసెయ్యండి అని నోరు తెరిచి అడగండి, కొన్నిసార్లు కొత్త కార్డు ఇచ్చినా పాత వాలెట్ లింకు అలాగే కొత్తదానికి వచ్చేస్తుంది. ఆ పేజీలో షాపింగ్ పాస్‌వర్డ్ కూడా కొట్టి ఉంటే అది మార్చండి, అదే పాస్‌వర్డ్ ఈమెయిల్‌కి కూడా ఉంటే ఈమెయిల్‌ది ముందు మార్చండి.

పాత మెసేజ్‌ల కిందే వచ్చింది అన్నారు, చాలామంది పడేది ఇక్కడే. పంపేవాళ్ళ పేరు చూసే ఫోన్ మెసేజ్‌ల్ని ఒకచోట పేరుస్తుంది, ఆ పేరుని దొంగతనంగా పెట్టుకోవడం చాలాచోట్ల సాధ్యమే. లింకులో తాళం గుర్తు ఉన్నా అంతే, మధ్యలో ఎవరూ చదవలేరు అని దాని అర్థం, అవతల ఉన్నది మంచోడని కాదు. అడ్రస్ చూడాలంటే https:// తర్వాత వచ్చే మొదటి గీత (/) వరకే తీసుకుని, అందులో డాట్ కామ్, డాట్ కో డాట్ ఇన్ లాంటి చివరి ముక్క, దానికి సరిగ్గా ముందున్న మాట, ఆ రెండే చూడండి, షాపు పేరు అంతకుముందు గానీ ఆ గీత తర్వాత గానీ ఎన్నిసార్లు కనపడినా లెక్కలోకి రాదు. ఐఫోన్లో తెలియని నంబరు పంపిన లింకు మనం రిప్లై ఇచ్చేదాకా నొక్కినా తెరుచుకోదు, అందుకని వై (Y) అని రిప్లై ఇచ్చి మళ్ళీ తెరవండి అని రాస్తారు, అలా రాసి ఉంటే అది మోసమే, ఇంక ఆలోచించక్కర్లేదు.

కానీ నన్నడిగితే మెసేజ్ అసలుదా నకిలీదా అని తేల్చే పని మీరు పెట్టుకోనే వద్దు. రోజురోజుకీ అచ్చం అసలు వాటిలాగే రాస్తున్నారు, ఆ పోటీలో మనం గెలవం. ఏ మెసేజ్ వచ్చినా లింకు వదిలేసి మీ అంతట మీరు యాప్ తెరిచి ఆర్డర్స్‌లో చూడండి, నిజమైన రిఫండ్ అయితే అక్కడ కనిపిస్తుంది, అమెజాన్‌లో అయితే వాళ్ళు పంపిన మెసేజ్‌లు చూసుకోడానికి అకౌంట్‌లో మెసేజ్ సెంటర్ అని విడిగా ఉంటుంది. అసలు రిఫండ్ మామూలుగా మీరు కట్టిన దారిలోనే వెనక్కి వస్తుంది, దానికి సీవీవీ, ఓటీపీ ఎందుకు చెప్పండి?

ఇక డబ్బు సర్దుబాటు సంగతి. జీతం పడే ఖాతా కార్డుతో ఆన్‌లైన్‌లో కొనడం మానెయ్యండి, దయచేసి. తక్కువ లిమిట్ పెట్టిన క్రెడిట్ కార్డో, కొంచెం డబ్బే ఉంచే వేరే ఖాతా కార్డో వాడండి, దొంగ దొరికించుకున్నా ఆ కొంచెం దగ్గరే ఆగుతాడు. అత్యవసర నిధి ఉన్న ఖాతాకి అసలు కార్డే వద్దు. విదేశీ పేమెంట్లు అవసరం లేకపోతే యాప్‌లో ఆఫ్ చేసి పెట్టుకోండి.

ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకుండా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, రేపు మీరు చెయ్యని పేమెంట్ ఏదైనా కనిపిస్తే బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వాల్సి వస్తుంది. కొన్నాళ్ళకి మేం బ్యాంకు ఫ్రాడ్ టీమ్ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి కార్డు వెనకున్న నంబరుకి మీరే చెయ్యండి, ఒకసారి వివరాలిచ్చినవాళ్ళ ఫోన్ నంబర్లు దొంగల మధ్య చేతులు మారుతుంటాయి. ఇంకోటి, పాత కార్డు మీద ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటి ఆటో పేమెంట్లు ఉంటే అవి ఇప్పుడు ఆగిపోవచ్చు, గడువు తేదీలు చూసుకుని కొత్త కార్డు వచ్చేలోపు వేరే దారిలో కట్టెయ్యండి, పాలసీ ల్యాప్స్ అవ్వనివ్వకండి.