మెడికల్ బోర్డు కాగితాన్ని బీరువాలో పెట్టెయ్యకు, తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన కాగితాలు చూశాను. ఆర్మీ నుంచి నువ్వు బయటికి వచ్చేముందు చూసిన మెడికల్ బోర్డు, నీ బీపీకి 30 శాతం డిసెబిలిటీ జీవితాంతం ఉంటుందని ఒప్పుకుంది. కానీ అది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో ముదిరిందీ కాదని తేల్చి డిసెబిలిటీ పెన్షన్ ఇవ్వలేదు. ఆ ఉత్తరం వచ్చిన రోజే నువ్వు దాన్ని బీరువాలో పెట్టేశావని మరదలు చెప్పింది. సర్వీస్ పెన్షన్ వస్తోంది కదా, మళ్ళీ చెయ్యి చాపడం ఎందుకని నువ్వు అన్నావట. ఆ మాటే నన్ను బాధపెట్టింది. ఇది ఎవరి దగ్గరో అడుక్కునేది కాదు. నువ్వు ఒంట్లో పోగొట్టుకున్నదానికి ప్రభుత్వం రాసిపెట్టిన లెక్క.

ముందు ఆ లెక్క చూడు. నూరు శాతం డిసెబిలిటీ ఉంటే చివరి జీతంలో 30 శాతం డిసెబిలిటీ ఎలిమెంట్‌గా ఇస్తారు, తక్కువ ఉంటే ఆ దామాషాలో. నీ చివరి జీతం 50,000 అనుకుంటే నీ 30 శాతం డిసెబిలిటీకి నెలకు 4,500 వస్తుంది. కానీ 20 నుంచి 50 లోపు ఉన్నదాన్ని 50గా లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. పూర్తి సర్వీసు చేసి రిటైరైన వాళ్ళకు కూడా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో చెప్పింది. అలా చూస్తే 7,500, దానిమీద డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం) అదనం. ఇది సర్వీస్ పెన్షన్‌కు తోడుగా వచ్చేది. బతికున్నంత కాలం వస్తుంది.

ఇప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే నిన్ను పంపించేముందు పరీక్ష చేసి బోర్డు రాసిన కాగితాలు, బయటికి తీసి ముందువేసుకో. ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అని పైన ఉంటుంది. మనవాళ్ళంతా చివరి పేజీలో శాతం చూసి మూసేస్తారు. అసలు సంగతి అంతకుముందు ఉన్న అభిప్రాయం పట్టికలో ఉంటుంది. జబ్బు పేరు, సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసులో ముదిరిందా, ఎందుకలా అనుకుంటున్నారు, ఇవీ ఆ గళ్ళు. నీ దాంట్లో ఆ 'ఎందుకు' గడిలో ఒకే ఒక్క వాక్యం ఉంది: పీస్ స్టేషన్‌లో (సరిహద్దుకు, ఆపరేషన్లకు దూరంగా ఉండే పోస్టింగులో) మొదలైంది, సర్వీసు ఒత్తిడితో దగ్గరి సంబంధం లేదు. ఇదే వాక్యాన్ని ఎంతోమంది కాగితాల్లో చూశాను, అక్షరం తేడా లేకుండా. నీ అప్పీలంతా ఆ ఒక్క గడి మీదే నిలబడాలి.

ఎలాగంటే, భర్తీ అయినప్పుడు నిన్ను షేప్-1లో, అంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మెడికల్ కేటగిరీలో, ఫిట్ అని తీసుకున్నారు. అప్పుడు బీపీ ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. అలాంటప్పుడు తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలి, కాదంటే కారణాలు బోర్డే రాయాలి, సందేహం ఉంటే అది జవానుకు అనుకూలంగా పోవాలి అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీల్లో ఈ తీర్పు పేరు తప్పకుండా రాయి. దాని పక్కనే నీ పోస్టింగులు తేదీలతో సహా రాయి. రాష్ట్రీయ రైఫిల్స్‌లో (కశ్మీర్‌లో ఉగ్రవాదులతో పోరాడే దళంలో) ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, హై ఆల్టిట్యూడ్‌లో ఎన్నాళ్ళు, అక్కడి నుంచి పీస్‌కు వచ్చాక ఎన్ని నెలలకు బీపీ బయటపడింది. బీపీ రాత్రికి రాత్రి రాదు. పీస్‌లో కనిపెట్టినంత మాత్రాన పీస్‌లోనే పుట్టినట్టు కాదు కదా.

ఒక మాట దాచకుండా చెబుతున్నాను. ప్రతి కేసూ గెలవదు. బరువు ఎక్కువ, సిగరెట్ అలవాటు అని బోర్డు రాసిన చోట కేసు బలహీనపడుతుంది. నీ కాగితాల్లో బరువు మామూలుగానే ఉంది, అది నీకు మంచిది.

ఏదైనా కాగితం లేకపోతే, ముఖ్యంగా భర్తీ నాటి మెడికల్ ఫారం, నీ సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసుకు పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఆర్టీఐ పెట్టు. మొదటి అప్పీలు రిజెక్షన్ అందిన ఆరు నెలల్లోపు రికార్డ్ ఆఫీసుకు పంపాలి. నీకు ఆ గడువు దాటింది. అయినా ఆలస్యానికి కారణం రాసి మన్నించమని అడుగుతూ పంపు. అదీ కొట్టేస్తే రెండో అప్పీలు. అక్కడా కాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మనకు చెన్నై బెంచ్. అప్పీలుకు ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఆ మౌనంతోనే ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. కానీ ఇంకా సాగదీయకు. ఇలాంటి కేసుల్లో ఆలస్యంగా వెళ్తే ఎరియర్స్ మామూలుగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ళకే ఇస్తారు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో వచ్చిన మాట అది. నువ్వు డిశ్చార్జ్ అయింది 2023 జనవరిలో. 2026 జనవరితో మూడేళ్ళు నిండుతాయి, ఆపైన నువ్వు ఊరుకున్న ప్రతి నెలా నీ డబ్బే పోతుంది.

ఏజెంట్ల దగ్గరికి వెళ్ళకు. వచ్చిన ఎరియర్స్‌లో వాటా ఇమ్మని ముందే సంతకం పెట్టించుకునేవాళ్ళున్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అప్పీలు రాయడానికి సాయం చేస్తారు, దానికి డబ్బు అడగరు.

నీ బావమరిది ఇంకా సర్వీసులో ఉన్నాడు కాబట్టి అతనికీ చెప్పు. చిన్న దెబ్బే కదా అని ఊరుకోకుండా ఇంజ్యురీ రిపోర్ట్ రాయించుకోవాలి, దానిమీద కమాండింగ్ ఆఫీసర్ సంతకం ఉందో లేదో చూసుకోవాలి. ఆపరేషన్ వద్దని సంతకం పెట్టేముందు బాగా ఆలోచించాలి. వైద్యం కాదన్నాడని బోర్డు రాస్తే శాతం తగ్గే వీలుంది. 2023 సెప్టెంబరు 21 తర్వాత రిటైరయ్యే వాళ్ళకు కొత్త రూల్స్ వచ్చాయి. అందుకని నీ అప్పీలు చూసి అతను కాపీ చెయ్యకూడదు, తన రూల్స్ తను చదువుకోవాలి.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది అప్పీలు ఒక పేజీన్నర మించకుండా రాసి నాకు వాట్సాప్‌లో పంపడం. కోపం మాటలుంటే నేను కొట్టేస్తాను, తేదీలు సరిచూస్తాను. ఆ తర్వాత స్పీడ్ పోస్టులో పంపి, రసీదు పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) ఉన్న ఫైల్లోనే పెట్టు.

నీ అన్నయ్య