ఇంట్లో ఎస్‌డీబీ, షాపులో ఎస్‌డీఏ!

ప్రశ్న: మాది పర్లాకిమిడి. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో డెబియన్ లైనక్స్ వేసుకుని ఎక్కడికెళ్తే అక్కడికి తీసుకెళ్తుంటాను. ఇంట్లో పాత డెస్క్‌టాప్‌కి పెడితే ఆ డిస్క్‌కి లైనక్స్ ఇచ్చే పేరు ఎస్‌డీబీ, బాగానే నడుస్తుంది. పాతపట్నంలో మావయ్య జిరాక్స్ షాపు ల్యాప్‌టాప్‌కి పెడితే ఎస్‌డీఏ అయిపోయి, ఎస్‌డీబీ2 (అందులో రెండో పార్టిషన్) లేదంటూ బూట్ మధ్యలోనే ఆగిపోతోంది. ప్రతిసారీ గ్రబ్ (బూట్ మొదలుపెట్టే ప్రోగ్రాం) మెనూలో లైను దిద్దుకోవాల్సిందేనా?
- ఒక పాఠకుడు

జవాబు: అక్కర్లేదండీ. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి (లైనక్స్ గుండెకాయ) ఏ డిస్క్ ముందు కనబడితే దానికి ముందు అక్షరం, అంతే. ఇంట్లో లోపలి సాటా డిస్క్ ముందు దొరికి 'ఏ' తీసేసుకుంటోంది. షాపు ల్యాప్‌టాప్‌లో బహుశా ఎన్‌వీఎంఈ (కొత్త రకం ఎస్‌ఎస్‌డీ) డిస్క్ ఉండుంటుంది, వాటి పేర్ల వరసే వేరు కాబట్టి అక్కడ 'ఏ' మీకు మిగిలింది.

కాబట్టి ఈ అక్షరాలను ఎక్కడా రాయకండి, యూయూఐడీ రాయండి. ఫార్మాట్ చేసినప్పుడే ఫైల్‌సిస్టమ్‌లో పడిపోయే నంబర్ అది, ఏ కంప్యూటర్‌కి పెట్టినా మారదు. ఇంట్లో బూట్ చేసి, సుడోతో 'బీఎల్‌కేఐడీ' కొడితే ఒక్కో పార్టిషన్‌ది కనబడుతుంది. బూట్‌లో ఏ పార్టిషన్ ఎక్కడ ఎక్కాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఎస్‌డీబీతో మొదలయ్యే పేరు ఉన్న ప్రతి చోటా ఆ పార్టిషన్ యూయూఐడీ పెట్టండి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) లైను చాలామంది వదిలేస్తారు, అది దొరక్కపోతే బూట్‌లో 90 సెకన్లు ఊరికే కూర్చోవాలి. తర్వాత ఈటీసీ, డిఫాల్ట్‌లోని గ్రబ్ ఫైల్ తెరిచి, లైనక్స్ యూయూఐడీని డిజేబుల్ చేసే లైను ట్రూ అని ఉంటే ముందు హ్యాష్ పెట్టి, 'అప్‌డేట్-గ్రబ్' కొట్టండి.

ఇంత చేసినా రూట్ (సిస్టమ్ ఉన్న పార్టిషన్) దొరకలేదంటే డిస్క్ లేవడానికి టైమ్ పడుతోందేమో, కెర్నల్ లైన్లో 'రూట్‌డిలే=10' పెట్టి చూడండి.

ఆ డిస్క్‌ని 'డీడీ' (ఉన్నదున్నట్టు కాపీ చేసే కమాండ్)తో కాపీ తీసి పెట్టుకున్నారా? యూయూఐడీ కూడా కాపీ అయిపోతుంది. రెండూ ఒకేసారి పెడితే ఏది రూట్‌గా ఎక్కుతుందో చెప్పలేం.

అసలు భయపడాల్సింది బూట్ ఆగినందుకు కాదు, ఆగితే ఏమీ పోదు. 'డీడీ', 'గ్రబ్-ఇన్‌స్టాల్' లాంటివి డిస్క్ పేరే అడుగుతాయి, ఇంట్లో అలవాటు కొద్దీ షాపులో కూడా ఎస్‌డీబీ అని కొట్టేశారంటే అప్పుడు అక్కడ ఎస్‌డీబీగా ఉన్న ఏ కస్టమర్ పెన్‌డ్రైవో దెబ్బతింటుంది, 'డీడీ' అయితే తుడిచిపెట్టుకుపోతుంది. వాటికి డెవ్, డిస్క్, బై-ఐడీ ఫోల్డర్లోని పేరు ఇవ్వండి. అందులో మోడల్, సీరియల్ నంబర్ ఉంటాయి, యూఎస్‌బీ డిస్క్ అయితే ముందే 'యూఎస్‌బీ' అని కూడా ఉంటుంది.